రాత్రి ప్రార్థన, పదో తరగతి మార్కులు

మా గుంటూరు, ప్రకాశం పల్లెల్లో మాల మాదిగ పిల్లలు పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకుంటే రెండు మాటలు వినబడతాయి. చర్చిలో "కుటుంబ ప్రార్థన ఫలం" అంటారు. ఊళ్ళో అరుగుల మీద "మిషనరీలు పెట్టిన బిచ్చం" అంటారు. ఒకటి పొగడ్త, ఒకటి ఎత్తిపొడుపు. చదివిన పిల్ల రెండింట్లోనూ లేదు, కూలికెళ్ళిన తల్లీ లేదు.

ముందు బిచ్చం సంగతి. క్లౌ దొర 1866లో ఒంగోలు వచ్చాడు. ఆయన్ని తలకొండపాడు రప్పించుకున్నది మాదిగ పేరయ్య. అంటే పిలిచింది మావాళ్ళే. 1876-78 ధాత కరువులో బకింగ్‌హామ్ కాలవ పని ఇప్పించిన ఆ దొరే, కరువు సాగినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు. 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది తీసుకున్నారు. బువ్వ కోసం మారారనేవాళ్ళు ఈ వరస చూడరు. జి. కల్యాణరావు 'అంటరాని వసంతం' (2000) ఆ కరువునీ కాలవనీ నవల్లోకి తెచ్చింది, చర్చిలో దూరిన కులాన్నీ వదల్లేదు. ఆ చరిత్ర తర్వాత ఇంటి లోపల ఏం జరిగిందన్నది ఇప్పుడు మేం అడుగుతున్న ప్రశ్న.

ప్రార్థన పనిచేయలేదా అంటే, చేసింది. అక్షరమ్ముక్క రాని అమ్మకి కూతురు రోజూ పైకి బైబిలు చదివి వినిపించింది. వినేవాళ్ళుండే చదువు అది. ఎంత మంది అయ్యవార్లు మా పిల్లల చదువు అంత ఓపిగ్గా విన్నారు? సారా మానిన ఇంట్లో కూలి డబ్బు ఇంటికి చేరింది. ఇదంతా మహిమ అనేవాళ్ళు అనుకోవచ్చు, మేము మాత్రం దీన్ని పని అంటాం.

ఆ పనికి ఖరీదుంది. పత్తి తీతలయ్యీ కాకముందే మిరపకోతలు. మార్చిలో పబ్లిక్ పరీక్షలు సరిగ్గా కోతల నడుమ పడతాయి. బడి మానిపించేది ముందు ఆడపిల్లనే. "నువ్వు రావద్దులే, చదువుకో" అన్న తల్లి ఒక కూలి పోగొట్టుకుంది, ఇంటికొచ్చి మండే చేతుల్తో కూతురి వంతు పనీ చేసింది. ఆదివారం సాక్ష్యంలో ఈ లెక్క ఎవరూ చెప్పరు. అక్కడ తల్లి మోకాళ్ళ మీదే కనబడుతుంది, మిరపచేలో కాదు.

చదివితే గౌరవం వస్తుందన్న మాటనీ చుండూరు అడిగింది. అక్కడ గొడవ మొదలైంది సినిమా హాల్లో, చదువుకున్న దళిత కుర్రాడి కాలు ముందు సీటాయనకు తగిలిందని. 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపారు.

ఇక సర్టిఫికెట్టు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడు ఎస్సీ కాడు. ఆంధ్రలో బీసీ-సీ కింద ఒక్క శాతం ఇచ్చారు. అందుకే ఇంట్లో ఒక పేరు, బడిలో ఇంకో పేరు. ప్రార్థన వల్లే మార్కులొచ్చాయని ఆదివారం చెప్పిన పిల్ల, సోమవారం బడి కాయితంలో మతం గడి దగ్గర "హిందూ" అని రాస్తుంది. పక్కన నిలబడి రాయమనేది ఆ తల్లే.