ఒక తుపాకి – రెండు గ్రంథములు

రాజకీయ హత్యలను గూర్చిన గ్రంథములను సాహిత్య విమర్శకులు సామాన్యముగా ముట్టరు. అవి పోలీసులకు, న్యాయవాదులకు చెందినవని విడిచిపెట్టుట పరిపాటి. కాని నివేదికయు నొక గ్రంథమే. దానికిని కర్తలున్నారు, ఉద్దేశమున్నది, శైలి యున్నది. చెప్పిన మాటలతోబాటు చెప్పక దాటించిన మాటలును ఉన్నవి. కావున దానిని విమర్శకుని త్రాసులో తూచుట అనుచితము కాదని మా అభిప్రాయము.

1963 నవంబరు 22న అమెరికా అధ్యక్షుడు జాన్ కెనెడీ డల్లాస్ నగర వీథిలో తుపాకి దెబ్బలకు గురియై మరణించెను. ఆ హత్యపై వెలువడిన అనేక గ్రంథములలో రెండింటిని మేమిచట పరిశీలింపదలచితిమి. ఒకటి 1964 సెప్టెంబరు 24న అధ్యక్షుడు జాన్సన్‌కు సమర్పింపబడిన వారెన్ కమిషన్ నివేదిక. అది 888 పుటల గ్రంథము. సాక్ష్యములు, వస్తువుల వివరములు మరి 26 సంపుటములుగా ఆ నవంబరులో వెలువడెను. రెండవది న్యాయవాది మార్క్ లేన్ 1966లో ప్రకటించిన ‘రష్ టు జడ్జిమెంట్’, అనగా తీర్పునకు తొందర. రెండును ఒకే సాక్ష్యసంపుటిని చదివినవే. అయినను ఒకటి హంతకుని నిశ్చయించినది, మరియొకటి ఆ నిశ్చయమునే బోనులో నిలిపినది. ఈ భేదము తుపాకి విషయమున తేటగా కనిపించును.

హత్య జరిగిన గంటలోపుననే, మధ్యాహ్నము 1 గంట 22 నిమిషములకు, పాఠ్యపుస్తకముల గిడ్డంగి ఆరవ అంతస్తులో పెట్టెల మధ్య దాచిన రైఫిలు దొరికెను. దానిని కనుగొన్నవారు యూజీన్ బూన్, సీమోర్ వైట్స్‌మన్ అను ఇరువురు అధికారులు. అది 7.65 మిల్లీమీటర్ల మాసర్, అనగా జర్మను తుపాకి, అని వైట్స్‌మన్ మరునాడు ప్రమాణపూర్వకముగ వ్రాసి యిచ్చెను. బూన్ నివేదికయు ఆ మాటే చెప్పెను. జిల్లా ప్రాసిక్యూటరు హెన్రీ వేడ్ పత్రికలవారితో ఆ పేరే పలికెను. కాని పోలీసుల చేతిలోనున్నది ఇటలీ సైన్యమునకై చేసిన 6.5 మిల్లీమీటర్ల మాన్లిచర్ కార్కానో. దాని సంఖ్య సి 2766. ఇంతటి హత్యలో ఆయుధము పేరే మారుట సామాన్య విషయము కాదు.

లేన్ గ్రంథమునకు బలమిచ్చినది ఈ ఘట్టమే. తుపాకిపై ఇటలీలో చేయబడినదనియు, 6.5 అనియు స్పష్టముగ ముద్రింపబడియుండగా, క్రీడాసామగ్రి వ్యాపారమున పనిచేసి తుపాకులెరిగిన వైట్స్‌మన్ ఎట్లు పొరబడెనని ఆయన ప్రశ్న. సాక్ష్యమిచ్చు సమయమున ఆ తుపాకినే వైట్స్‌మన్‌కు చూపలేదని ఆయన మరియొక ఆక్షేపణ చేసెను. రెండవ ఆక్షేపణ న్యాయమైనది. ఒకని మాట పొరపాటని చెప్పదలచినవారు ఆ వస్తువును అతని ముందుంచి అడుగవలసినది. కమిషన్ ఆ పని చేయలేదు. నివేదిక ఈ సంగతిని వదంతులకు సమాధానములు చెప్పు అనుబంధములోనికి నెట్టి, వైట్స్‌మన్ తుపాకిని ముట్టలేదు, దగ్గరగ పరీక్షింపలేదు, క్షణమాత్రము చూచెనని కొలది వాక్యములలో ముగించినది.

మన తార్కికులు ప్రత్యక్షము, అనుమానము, శబ్దము మొదలగు ప్రమాణములను చెప్పిరి. కంటితో చూచినది ప్రత్యక్షము. యుక్తిచే సాధించునది అనుమానము. ఆప్తుడు చెప్పిన మాట శబ్దము. మాసర్ అనునది కేవల శబ్దము. ఆ శబ్దమునకు మూలమైన చూపు క్షణికము. మసక వెలుతురులో త్రాడును చూచి పామనుకొనుట మన వేదాంతులకు పరిచితమైన దృష్టాంతమే. ఈ రెండు తుపాకులకును బాహ్యరూపమున పోలిక కలదు. మరి ప్రత్యక్షమేమి చెప్పుచున్నది? తుపాకిని పెట్టెల నడుమనుండి పైకి తీయుచుండగా ఒక వార్తా ఛాయాగ్రాహకుడు చలనచిత్రము తీసెను. 1979లో ప్రతినిధుల సభ సంఘము ఆనాటి చిత్రములను భద్రపరచిన తుపాకితో పోల్చి, కొయ్యభాగముపై గల గాటు మొదలగు గురుతులనుబట్టి రెండును ఒకటే యని నిర్ణయించినది. ఆ తుపాకి చికాగోలోని క్లైన్స్ దుకాణమునుండి 1963 మార్చిలో ఎ. హైడెల్ అను పేర తెప్పింపబడినది. దుర్భిణితో కలిసి దాని వెల 19.95 డాలర్లు, తపాలా కర్చుతో 21.45 డాలర్లు. ఆ కోరికపత్రముపై చేవ్రాలు లీ హార్వీ ఆస్వాల్డ్‌దని నిపుణులు చెప్పిరి; అది చేరినది డల్లాస్‌లో అతని తపాలా పెట్టెకు. ఇంత గొలుసు ముందు క్షణకాలపు చూపు నిలువదు. ఈ ఒక్క అంశమున లేన్ వాదము నెగ్గలేదని మేము నిస్సంకోచముగ చెప్పుచున్నాము.

అంతమాత్రమున నివేదిక నెగ్గినదని తలపరాదు. దాని నిజమైన బలహీనత తుపాకి పేరులో లేదు, తూటా ప్రయాణములో ఉన్నది. పార్క్‌లాండ్ ఆసుపత్రిలో ఒక మోతబల్లపై తూటా యొకటి దొరికినది. అది ఈ తుపాకినుండియే వెలువడినదని నిపుణులు నిశ్చయించిరి. అధ్యక్షుని మెడను, గవర్నరు కొనాలీ ఛాతీని, మణికట్టును, తొడను ఆ ఒక్క తూటాయే గాయపరచెనని కమిషన్ సిద్ధాంతము. దాని బరువు 158.6 గ్రెయిన్లు, పేల్చని తూటా బరువు సుమారు 160 లేక 161. ఇన్ని గాయములు చేసినది ఇంత తక్కువ నష్టముతో మిగులునా యను సందేహము లోకమంతట వ్యాపించినది. అంతకంటె గంభీరమైన లోపము వేరొకటి కలదు. దానిని కనుగొన్న ఉద్యోగి అది ఏ మోతబల్లపై నుండెనో దృఢముగ చెప్పలేకపోయెను. అతడును, అతని తరువాత దానిని చేతులు మార్చినవారిలో కొందరును, చూపిన తూటా ఇదే యని నిశ్చయముగ గుర్తింపలేకపోయిరి.

ఇచ్చట నివేదిక శైలిని పరికింపవలెను. ఆ తుపాకిని ఒకసారి పేల్చి మరల పేల్చుటకు కనీసము 2.3 సెకండ్లు పట్టునని పరీక్షలలో తేలినది. ఒక పౌరుడు తీసిన చలనచిత్రమునుబట్టి చూడగా అధ్యక్షునికి, గవర్నరుకు గాయములు తగిలిన నడుమ అంత వ్యవధి కనబడదు. కావున ఒకే తూటా ఇరువురినీ తాకియుండవలెను. లేదా మరియొకడు కూడ కాల్చియుండవలెను. అనగా ఏకైక హంతకుడను నిర్ణయమునకు ఏకైక తూటాయే పునాది. కాని గవర్నరును తాకినది ఏ తూటాయో నిర్ణయించుట తమ ముఖ్య నిర్ణయములకు అవసరము కాదని నివేదిక వ్రాసినది! వేరొక తూటాయే తన్ను తాకినదని గవర్నరు చెప్పుచుండెను. సభ్యులలో సెనేటరు రస్సెల్ ఒప్పుకొనలేదు. ఆ భేదము ప్రకటము కాకుండ నేర్పుగ కూర్చిన వాక్యమిది. వాక్యము మృదువుగ నడచినది గాని వాదము కుంటుపడినది. నివేదికలోని పెక్కు దోషములకంటె ఈ ఒక్క వాక్యమే దానికి ఎక్కువ అపకారము చేసినదని మా నిర్ణయము.

అరచేతి ముద్ర విషయమును ఇట్టిదే. తుపాకి గొట్టము అడుగుభాగమున ఆస్వాల్డ్ అరచేతి ముద్ర దొరికెనని లెఫ్టినెంటు డే చెప్పెను. కాని తుపాకి మరునాడు వాషింగ్టన్ చేరినపుడు దానిపై ఆ జాడ లేదు. ఎత్తి తీసిన ముద్ర నవంబరు 29న గాని ప్రయోగశాలకు చేరలేదు. ఆ ముద్రలోని గరుకులు గొట్టముపై గరుకులతో సరిపోయినవని తరువాత తేలినది. లేన్ ఆలస్యమును విస్తరించి వ్రాసెను. నివేదిక ఫలితమును నొక్కి చెప్పెను. ఆలస్యము నిజము, ఫలితమును నిజము. పాఠకునికి రెండును సమానముగ అందవలసియుండెను.

ఈ సాక్ష్యమంతయు ఇట్లు పచ్చిగ మిగులుటకు కారణము విస్మరింపరాదు. నవంబరు 24న పోలీసు భవనములోనే జాక్ రూబీ ఆస్వాల్డ్‌ను కాల్చి చంపెను. ముద్దాయి లేడు గనుక విచారణ లేదు. విచారణ లేదు గనుక ఎదురు ప్రశ్న లేదు. ఆస్వాల్డ్ పక్షమున వాదింతునని లేన్ కోరగా కమిషన్ అంగీకరింపక, న్యాయవాదుల సంఘాధ్యక్షుడు వాల్టర్ క్రెయిగ్‌ను నియమించినది. ఆయన పాత్ర నామమాత్రము. లేన్ గ్రంథమును మేము హంతకుని గూర్చిన సత్యముగ గాక, జరుగని ఎదురు విచారణగ చదువుచున్నాము. ఆ దృష్టితో అది అవసరమైన గ్రంథము. కాని వకీలు సందేహములను కుప్ప వేయుటతో తృప్తిపడవచ్చును. చరిత్రకారుడు ఆ సందేహములన్నియు కలిసి యే కథ చెప్పునో చూపవలెను. లేన్ ఆ బాధ్యతను స్వీకరింపలేదు.

తరువాతి శాస్త్రము తగవు తీర్చునని పలువురు ఆశించిరి. 1979లో సభాసంఘము శబ్దపరీక్షనుబట్టి నాల్గవ కాల్పు గలదనియు, కుట్ర జరిగియుండవచ్చుననియు చెప్పెను. 1982లో జాతీయ విజ్ఞాన పరిషత్తు నియమించిన నిపుణులు ఆ పరీక్షను త్రోసివేసిరి. తూటా తునకల లోహవిశ్లేషణ ఒకే తూటా వాదమును బలపరచెనని అదే సంఘము నమ్మెను. 2007లో గణాంకవేత్తలు ఆ పద్ధతికే ఆధారము చాలదనిరి. ఒకటి కమిషనుకు ప్రతికూలము, మరియొకటి అనుకూలము. కాలము రెండింటిని సమముగనే పరీక్షించినది.

మన యిండ్లలో ఇట్టి విషయములు చర్చకు వచ్చినపుడు సర్కారు మాట అంతయు నిజమని ఒకరు, అంతయు బూటకమని మరియొకరు పట్టుబట్టుట కలదు. రెండును శ్రమ తప్పించుకొను మార్గములే. తుపాకి ఏదియో తెలిసినంత మాత్రమున తూటా దారి తెలియదు. తూటా దారి సందేహమైనంత మాత్రమున తుపాకి మారిపోదు. ఆసక్తిగల పాఠకులు నివేదికలోని మూడవ, నాల్గవ అధ్యాయములను లేన్ గ్రంథముతో ప్రక్కప్రక్కన నుంచుకొని చదువుదురు గాక. ప్రతి పుటయందును ఇది చూచినదా, ఊహించినదా, ఒకరు చెప్పినదా యని ప్రశ్నించుకొన్నచో ఆ రెండు గ్రంథములును తమ బలాబలములను తామే చెప్పును.