పంది పందిగానే ఉన్న నవల

2023 ఆగస్టులో అలిపిరి మెట్ల దారిలో చిరుత ఒక చిన్నపిల్లని చంపేసింది. ఆ తర్వాత టీటీడీ నడిచివెళ్లే భక్తులకి చేతికర్రలు ఇచ్చింది. ఆ రోజుల్లో నా ఫోన్‌కి రెండు రకాల మెసేజిలు వచ్చాయి. చిరుతలన్నిటినీ పట్టి ఎక్కడైనా వదిలేయాలని ఒకటి. అడవి వాటిదే, చొరబడింది మనమే అని ఇంకొకటి. రెండూ పంపినవాళ్లు నాలాగే బెంగళూరులోనో హైదరాబాదులోనో కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లు.

మాది పలమనేరు పక్క పల్లె. కౌండిన్య అభయారణ్యం ఏనుగులు మా మామ చెరుకుతోటలో దిగిన రాత్రులున్నాయి. మామ మాత్రం ఈ రెండు మాటల్లో ఏదీ అనడు. "దానికి ఆకలైంది, వొచ్చింది. మాకు అప్పుండాది, తరిమినాం" అంటాడు. ఈ మాటకి దగ్గరగా ఉండే సాహిత్యం తెలుగులో ఏముందా అని వెతుక్కుంటే నాకు మొదట దొరికేది కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు'.

డాక్టర్ కేశవరెడ్డి (1946–2015) చిత్తూరు జిల్లా తలపులపల్లెలో పుట్టారు. వైద్యం చదివి, ఎన్నో ఏళ్లు నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకి చికిత్స చేశారు. ఉద్యోగం అక్కడ, నవలలన్నీ దాదాపు ఇక్కడివే. ఒక పుస్తకానికీ ఇంకో పుస్తకానికీ పోలిక తక్కువ. 'సిటీ బ్యూటిఫుల్' ఒక మెడికల్ స్టూడెంట్ బుర్రలో నడిచే చైతన్యస్రవంతి. 'చివరి గుడిసె' యానాదుల బతుకు. 'మూగవాని పిల్లనగ్రోవి' భూమి పోగొట్టుకున్న బక్కిరెడ్డి కథ, చదువుతుంటే జానపద గాథలా ఉంటుంది. 'మునెమ్మ' పగ కథ. ఇన్ని రకాలు రాసిన మనిషిని కలిపి చూడ్డానికి నాకు దొరికిన దారం జంతువు. ఆయన డాక్టరు కాబట్టేనేమో, కాన్పునీ గాయాన్నీ నెత్తుటినీ చూసి మొహం తిప్పుకోడు.

'అతడు అడవిని జయించాడు' కథ రెండు ముక్కల్లో చెప్పొచ్చు. పందుల్ని కాసుకునే ఒక ముసలాయన ఉన్నాడు. పొద్దుగూకినా మందలో ఒక పంది తిరిగిరాలేదు. నిండు చూలుతో ఉన్న ఆ పంది అడవిలోనే ఈనింది. ముసలాయన ఈటె పట్టుకుని దాన్ని వెతుక్కుంటూ పోతాడు. తర్వాత అడవీ, చీకటీ, నక్కలూ.

దీన్ని హెమింగ్వే 'ద ఓల్డ్ మ్యాన్ అండ్ ద సీ' (1952)తో పోల్చడం మామూలే. ముసలితనం, ఒంటరితనం, ఒక పెద్ద పోరాటం, పోలికలు ఉన్నాయి. కానీ ఆ పోలిక దగ్గరే ఆగిపోతే అసలు విషయం జారిపోతుంది. శాంటియాగో పట్టిన చేప అతనికి పరాయిది, సముద్రంలోంచి వచ్చింది. ఇక్కడి పంది ముసలాయనదే. అతని చేతికింద పెరిగిన జీవం. అదిప్పుడు పిల్లల్ని పొదువుకుని, కాపాడ్డానికి వచ్చినవాణ్ణి కూడా దగ్గరికి రానివ్వదు. నక్కా ఒకటే, యజమానీ ఒకటే దానికి. పంది ఎందుకలా చేస్తోందో ముసలాయనకి బాగా తెలుసు. ఈనిన పంది స్వభావం అతనికంటే తెలిసినవాడు ఆ అడవిలో లేడు. అయినా ఆ తెలివి అతన్ని గట్టెక్కించదు. నవల్లో నన్ను కుదిపింది ఇదే. జంతువుని అర్థం చేసుకుంటే అది మనకి దగ్గరవుతుందని మనం అనుకుంటాం. కేశవరెడ్డి ఆ భరోసా ఇవ్వడు.

ఇంకో సంగతి. మన జిల్లా అడవుల గురించి ఇంగ్లీషులో చదివినవాళ్లకి కెన్నెత్ ఆండర్సన్ తెలిసే ఉంటాడు. 1954లో వచ్చిన 'నైన్ మ్యాన్-ఈటర్స్ అండ్ వన్ రోగ్'లో చామల లోయ పులి కథ ఉంది. ఆండర్సన్ని నేను ఇష్టంగానే చదివాను. కాకపోతే అక్కడ తుపాకీ ఉన్నవాడిదే కథ, పులికే పేరు. పందినీ, పందుల్ని కాసే కులాల్నీ ఊరే బయట పెట్టింది. అలాంటి మనిషిని, అలాంటి జంతువుని తెచ్చి నవలంతా నిలబెట్టడం చిన్న ధైర్యం కాదు. ఫోటోకి పనికొచ్చే జంతువుల మీదే మన ప్రేమంతా ఖర్చవుతోందని ఇది చదివాక అనిపించింది.

అయితే కేశవరెడ్డి ప్రతిసారీ ఇంత గట్టిగా నిలబడ్డాడని చెప్పలేను. 'మునెమ్మ'నే తీసుకోండి. జయరామి బొల్లిగిత్తని అమ్మడానికి తోలుకుపోతాడు, ఇంటికి తిరిగిరాడు. సినబ్బని వెంటబెట్టుకుని మునెమ్మ బయల్దేరుతుంది. మునెమ్మకీ గిత్తకీ మధ్య ఉన్న బంధం మీద 2008లో పుస్తకం వచ్చినప్పుడు చాలా వాదాలు జరిగాయి. నా ఇబ్బంది వేరే. ఈ నవల్లో గిత్త పగ తీరుస్తుంది. ఎవరు దోషో దానికి తెలుసు. కథ ఎక్కడ కావాలంటే అక్కడ అది కొమ్ము విసురుతుంది. చదువుతున్నంతసేపూ ఊపిరి బిగబట్టి చదివాను, అబద్ధం చెప్పను. పుస్తకం మూశాక మాత్రం ఆ గిత్త నాకు గిత్తలా కనపడలేదు. మనిషి కోరుకున్న న్యాయం నాలుగు కాళ్ల మీద నడిచినట్టుంది.

గాథలో పశువు అలాగే ఉంటుంది కదా, దాన్ని వాస్తవిక నవల కొలతతో కొలవడం తప్పు కదా అని నా ఫ్రెండ్ ఒకడు అన్నాడు. ఆ మాటలో న్యాయం ఉంది. కేశవరెడ్డి కావాలనే గాథలోకి వెళ్లాడు. కానీ పంది తన దారిన తాను ఉండి మనిషిని ఓడించగలిగిన చోటు నుంచి, గిత్త మనిషి తరఫున గెలిచే చోటుకి రావడం నా లెక్కలో ముందుకు నడవడం కాదు. మొదటిది చదివాక నాకు భయం వేసింది. రెండోది చదివాక తృప్తి కలిగింది. అడవి విషయంలో నాకు ఆ తృప్తి మీదే అనుమానం.

చదవనివాళ్లు ముందు పందితో మొదలుపెట్టండి. చిన్న పుస్తకం, ఒక ఆదివారం చాలు. ముగింపు నేను చెప్పను. ముగించాక 'జయించాడు' అనే మాట దగ్గరికి మళ్లీ రండి. ఆ మాటని కేశవరెడ్డి ఎంత చేదుగా వాడాడో అప్పుడు తెలుస్తుంది.

పోయిన సంక్రాంతికి ఈ కథ మామకి చెప్పాను. అంతా విని, "ఈనిన పంది దగ్గిరికి ఎవుడన్నా పోతాడా?" అన్నాడు. కాసేపాగి తనే, "పోక ఏం జేస్తాడు పాపం, ఆయనదే గదా" అన్నాడు.