గడువు లేని శాపం: ‘గబ్బిలం’ కావ్యంలో ధైర్య స్వరూపం

కష్టాలను ఓర్చుకోవడమే ధైర్యమనే భావన మన నీతి సాహిత్యంలో బలంగా నాటుకొని ఉంది. ఆ భావనతోనే గుఱ్ఱం జాషువా ‘గబ్బిలం’ (1941) కావ్యాన్ని చదివినప్పుడు కథానాయకుడు సహనమూర్తిగా, కావ్యం కరుణరస ప్రధాన రచనగా కనిపిస్తాయి. ఈ పఠనంలో సత్యం లేకపోలేదు. అయితే ఆ కరుణలోనే ఆగిపోతే, కావ్యంలోని నాయకుడు ఏ బలంతో నోరు విప్పాడన్న ప్రశ్న మిగిలిపోతుంది. ఆ బలం ఓర్పులో కాక లెక్క అడగడంలో ఉందని, కాళిదాసు ‘మేఘసందేశం’తో పోల్చి నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

‘గబ్బిలం’ సందేశకావ్య సంప్రదాయానికి చెందినదన్నది సుపరిచితమైన విషయమే. మేఘానికి బదులు గబ్బిలం, ప్రేయసికి బదులు ఈశ్వరుడు, యక్షునికి బదులు అంటరానివాడు అన్న సామ్యం తరచుగా ప్రస్తావనకు వస్తుంది. పాత్రల మార్పు కన్నా ముఖ్యమైన భేదం శాప స్వభావంలో ఉంది. యక్షుడు తన విధిలో ఏమరుపాటు చూపాడు. కుబేరుడు శపించాడు. ఆ శాపానికి గడువు ఒక సంవత్సరం. మేఘంతో మాట్లాడే నాటికి ఎనిమిది నెలలు గడిచాయి. విష్ణువు శేషశయ్య నుండి లేచే నాటికి మిగిలిన నాలుగు నెలలూ తీరుతాయి. కనుకనే అతడు భార్యకు ధైర్యం చెప్పగలుగుతాడు. సుఖదుఃఖాలు చక్రపు అంచులా కిందికీ పైకీ తిరుగుతాయన్న ఓదార్పు అతని నోట సహజంగా పలుకుతుంది. తప్పు ఏదో తెలుసు, శిక్ష ఎవరు వేశారో తెలుసు, ఎప్పుడు తీరుతుందో కూడా తెలుసు. ఈ మూడింటి మీదనే యక్షుని ధైర్యం ఆధారపడింది.

జాషువా నాయకునికి ఈ మూడింటిలో ఒక్కటీ లేదు. అతడు పుట్టుకతోనే శిక్షితుడు. ఏ తప్పుకు ఈ శిక్షో అతనికి ఎవరూ చూపలేదు. గడువు అసలే లేదు. తన తరంలో తీరకపోతే తరువాతి తరంలోనైనా తీరుతుందన్న హామీ కూడా లేదు. చక్రం తిరుగుతుందన్న ఓదార్పు అతని విషయంలో అర్థం లేని మాట. అతడు ఉన్నది ఎన్నడూ పైకి రాని అంచున. రోజులు లెక్కపెట్టుకొని ఓర్చుకొనే ధైర్యం యక్షునికి చెల్లింది గాని ఇతనికి చెల్లదు. ఇతని బలం మరొక చోట నుండి రావలసి ఉంది.

ఆ చోటును గుర్తించడానికి కావ్యంలోని రెండు కంఠస్వరాలను వేరు చేసి చూడాలి. మొదటిది కవి స్వరం. దొరికిన చిల్లరతో తృప్తి చెందేవాడుగా, గుప్పెడు అన్నంతో కష్టమంతా మరచిపోయే అమాయకుడుగా కవి నాయకుని పరిచయం చేస్తాడు. ఇది అక్షరాలా సహనమూర్తి చిత్రణ. సహనవాద పఠనానికి ఇదే ప్రధానాధారం. కానీ అదే పరిచయంలో మరో రెండు విషయాలు ఉన్నాయి. పంట పండడానికి ఇతని శ్రమే మూలం. లోకానికి భోజనం పెట్టేవాడికే తిండి లేదు. పాదాలు కందకుండా చెప్పులు కుట్టి ఇచ్చే ఇతని సేవకు భారతభూమి ఋణపడి ఉంది. ఇక్కడ కవి వాడినది అప్పు అన్న లౌకిక భావన. ఆ ఒక్క మాటతో సంబంధం తలకిందులవుతుంది. దయ కోసం చేయి చాచవలసినవాడు రావలసిన బాకీ గలవాడుగా మారతాడు.

రెండవది నాయకుని స్వరం. అది మొదలయ్యే సన్నివేశం గమనార్హం. ఆకలితో ఉన్నవాని గుడిసెలోకి రాత్రి గబ్బిలం వస్తుంది. దాని రెక్కల గాలికి చిన్న ఆముదపు దీపం కాస్తా ఆరిపోతుంది. ఉన్న వెలుగు కూడా పోయిన చీకటిలో అతడు మాట్లాడతాడు. ఇల్లు చొచ్చిన గబ్బిలాన్ని లోకం అపశకునంగా భావిస్తుంది. అతడు మాత్రం దానిని తరిమివేయడు. ఆదరించి, తన గోడు వినగల ప్రాణిగా స్వీకరిస్తాడు. అతనికి ప్రవేశం లేని గుడిలో ఆ పక్షికి నివాసం ఉంది. తలకిందులుగా వేలాడే వేళ అది శివుని చెవికి దగ్గరగా ఉంటుంది. పూజారి లేని సమయం చూసి తన జీవితగాథ విన్నవించమని అతడు కోరతాడు. ఈ సూచనలో దుఃఖంతో పాటు వ్యవహార జ్ఞానం ఉంది. మధ్యవర్తి వింటే ఆ విన్నపం దేవునిదాకా చేరదని తెలిసినవాని జాగ్రత్త అది.

ఆ విన్నపంలోని అంశాలను పరిశీలిస్తే ఋణభావన కొనసాగుతున్నట్లు స్పష్టమవుతుంది. ప్రతిమల పెళ్లిళ్లకు వేలు ఖర్చు చేసే దేశం పేదవాని ఖాళీ పాత్రలో మెతుకు రాల్చదన్నది వ్యయపట్టిక మీద ఆక్షేపణ. కర్మసిద్ధాంతంతో తన నోరు కట్టివేసి, తన భుక్తిని స్వార్థపరులు అనుభవిస్తున్నారన్నది నేరారోపణ. ఇక కర్మ అంటే ఏమిటో, దానికి తన మీద ఈ కక్ష ఎందుకో ఈశ్వరుని చేతనే ఋజువు చేయించమనడం సాక్ష్యం కోసం పట్టుబట్టడం. యక్షునికి తెలిసిన ‘తప్పు’ ఇక్కడ నిరూపణ కాని అభియోగం. నిరూపణ భారం శిక్ష అనుభవించేవాని మీద కాదు, శిక్షను సమర్థించేవారి మీద ఉందని నాయకుడు తేల్చి చెబుతున్నాడు.

ఈ వాదానికి ఒక అభ్యంతరం రావచ్చు. నాయకుడు చివరకు వేడుకొన్నది ఈశ్వరునినే, కన్నీటితోనే వేడుకొన్నాడు. అటువంటప్పుడు ఇది శరణాగతి అవుతుంది గాని ధైర్యం ఎలా అవుతుంది? సందేశంలో భక్తి ఉన్న మాట వాస్తవం. అయితే శరణాగతుడు తన కర్మను అంగీకరించి క్షమ కోరతాడు. ఇతడు క్షమ కోరలేదు, కారణం కోరాడు. దైవాన్ని తిరస్కరించకుండానే, దైవం పేరుతో నడిచే వ్యవస్థను ఆ దైవం ఎదుటనే నిలదీశాడు. కన్నీరు ఇక్కడ ప్రశ్నను కరిగించలేదు. కరుణరసం ఆ ప్రశ్నకు శ్రోతను సిద్ధం చేసే సాధనంగా పనిచేసింది.

జాషువా జీవితంలోని అవమానాలను, ‘నా కథ’లో ఆయన చెప్పుకొన్న అనుభవాలను ఈ కావ్యానికి నేపథ్యంగా చూపడం సమంజసమే. 1895లో వినుకొండలో పుట్టి, మూకీ చిత్రాలకు కథావాచకుడుగా, ఉపాధ్యాయుడుగా బతుకుతెరువు వెతుక్కొన్న కవికి నాయకుని ఆకలి పరాయిది కాదు. అయితే జీవితచరిత్ర బాధకు మూలాన్ని వివరిస్తుంది గాని, ఆ బాధ తీసుకొన్న రూపాన్ని వివరించదు. గడువున్న విరహానికి ఏర్పడిన సందేశకావ్య రూపాన్ని గడువు లేని వెలికి అన్వయించడం కవి చేసిన నిర్ణయం. ఆ అన్వయంలో ఓదార్పుకు చోటు పోయి, ఆ స్థానంలోకి విచారణ వచ్చింది.

‘గబ్బిలం’ నాయకుని సహనమూర్తిగా కీర్తించడం అతని మీద గౌరవంగానే కనిపిస్తుంది. కానీ ఆ కీర్తనలో అతని బాకీ మాట మరుగున పడుతుంది. సహనాన్ని మెచ్చుకొన్న సమాజం అప్పు తీర్చవలసిన అవసరం నుండి తప్పించుకొంటుంది. తరగతి గదిలో ఈ కావ్యాన్ని బోధించేటప్పుడు గుప్పెడు అన్నంతో కష్టం మరచే అమాయకుని దగ్గర ఆగకుండా, ఋజువు అడిగిన వ్యక్తి దాకా విద్యార్థిని తీసుకువెళ్లడం అవసరం. కవి పరిచయంలో మొదలైన ఋణప్రస్తావన నాయకుని ప్రశ్నలో ఎలా పూర్తవుతుందో అప్పుడే బోధపడుతుంది.