చేతికి పని చెప్పిన నటులు

రాత్రివేళ ఆస్పత్రి మెట్ల మీద ఇద్దరు నిలబడి ఉంటారు. ఒకడు ఎంజో, రొట్టెల కొట్టులో పనివాడు. తూటాలు తగిలి మంచాన పడ్డ పెద్దాయనకి నాలుగు పూలు ఇచ్చిపోదామని వచ్చి ఇరుక్కున్నాడు. రెండోవాడు ఆ పెద్దాయన చిన్నకొడుకు మైకేల్. ఇద్దరి దగ్గరా ఆయుధం లేదు. కోటులో చెయ్యి దూర్చి, లోపల పిస్తోలు ఉన్నట్టు నిలబడ్డారు. హంతకుల కారు నెమ్మదిగా వచ్చి, వీళ్లని చూసి, వెళ్లిపోతుంది. ఎంజో సిగరెట్ వెలిగించుకోబోతాడు. చేతులు గజగజ వణికి లైటర్ వెలగదు. మైకేల్ దాన్ని అందుకుని వెలిగిస్తాడు. ఆ తర్వాత ఒక్క క్షణం తన చేతివైపే చూసుకుంటాడు. అది వణకడం లేదు.

‘గాడ్‌ఫాదర్’ కథ మొత్తం ఆ చూపులో ఉంది. ఇంటి వ్యాపారంతో నాకు పని లేదన్న కుర్రాడు, ఆ పనికి తనకన్నా తగినవాడు లేడని తెలుసుకున్న క్షణం అది. అల్ పచీనో కనుబొమలు ఎగరేయడు, పెదవి బిగించడు. చెయ్యాల్సిన పని చేస్తాడు, చేసింది గమనిస్తాడు. మంచి డైలాగు పడితే ఈలలు వేసే అలవాటున్న మనకి ఇలాంటి చోట్లు మొదటిసారి చూసినప్పుడు జారిపోతాయి. రెండోసారి మాత్రం జారిపోవు.

ఈ తరహా నటన ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1898లో మాస్కోలో స్టానిస్లావ్‌స్కీ, నెమిరోవిచ్-డాంచెంకో కలిసి పెట్టిన ఆర్ట్ థియేటర్ 1923లో అమెరికాలో నాటకాలు ఆడింది. న్యూయార్క్ రంగస్థల కుర్రకారు నోరెళ్లబెట్టి చూశారు. 1931లో లీ స్ట్రాస్‌బర్గ్, హెరాల్డ్ క్లర్మన్, చెరిల్ క్రాఫర్డ్ కలిసి గ్రూప్ థియేటర్ పెట్టారు. స్టెల్లా ఆడ్లర్, శాన్‌ఫర్డ్ మైస్నర్ అందులో నటులు. అక్కడితో ఆగితే అందరూ ఒకే గురువు శిష్యులయ్యేవారు. కానీ గొడవ వచ్చింది.

పాత్రకి కన్నీళ్లు కావాలంటే నటుడు తన జీవితంలో ఏడ్చిన రోజును తవ్వుకోవాలన్నది స్ట్రాస్‌బర్గ్ పద్ధతి. ఆనాటి గది వాసన, ఒంటిమీద బట్ట, కిటికీలోంచి పడ్డ వెలుతురు ఒక్కొక్కటీ గుర్తు తెచ్చుకుంటే ఏడుపు దానంతటదే వస్తుందంటాడు. ఆడ్లర్‌కి ఇది గిట్టలేదు. 1934లో పారిస్ వెళ్లి స్టానిస్లావ్‌స్కీని స్వయంగా కలిసి, కొన్ని వారాలు ఆయన దగ్గర నేర్చుకుని వచ్చింది. గాయాలు కెలుక్కోవడం కాదు, పాత్ర ఉన్న పరిస్థితిని ఊహించడం, అందులో ఆ మనిషి చేసే పనిని పట్టుకోవడం ముఖ్యమని తేల్చేసింది. మైస్నర్‌ది ఇంకో దారి. ఇద్దరు నటుల్ని ఎదురెదురుగా కూర్చోబెడతాడు. ఒకడు “నీ చొక్కా నీలంగా ఉంది” అంటే, రెండోవాడు “నా చొక్కా నీలంగా ఉంది” అనాలి. మళ్లీ మళ్లీ అదే మాట. కాసేపటికి విసుగో, నవ్వో, కోపమో గొంతులోకి దానంతటదే వచ్చి చేరుతుంది. మాట మారదు, అర్థం మారిపోతుంది. ఎదుటివాడిని నిజంగా వినడం నేర్పే సాధన ఇది.

ముగ్గురూ బతికినన్నాళ్లూ ఒకరి దారి ఒకరు ఒప్పుకోలేదు. ‘గాడ్‌ఫాదర్’లోని కార్లియోనీ ఇంట్లో మాత్రం వాళ్ల శిష్యులు ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. ఆడ్లర్ శిష్యుడు మార్లన్ బ్రాండో తండ్రి. స్ట్రాస్‌బర్గ్ నడిపిన యాక్టర్స్ స్టూడియో నుంచి వచ్చిన పచీనో చిన్నకొడుకు. మైస్నర్ దగ్గర నేర్చుకున్న రాబర్ట్ డువాల్ పెంపుడు కొడుకులాంటి లాయరు టామ్ హేగన్. పెద్దకొడుకు సానీ వేసిన జేమ్స్ కాన్ కూడా మైస్నర్ పాఠాలు చెప్పిన నైబర్‌హుడ్ ప్లేహౌస్ నుంచే వచ్చాడు. బల్ల అన్నది మాటవరసకి కాదు. షూటింగ్‌కి ముందు దర్శకుడు ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొప్పోలా వీళ్లందర్నీ న్యూయార్క్‌లో ఒక ఇటాలియన్ హోటల్‌కి భోజనానికి పిలిచి, బ్రాండోని ఇంటి పెద్ద కూర్చునే చోట కూర్చోబెట్టాడు. కూతురి పాత్ర వేస్తున్న తన చెల్లెలు టాలియా షైర్ చేత వడ్డన చేయించాడు. బ్రాండో అంటే మిగతావాళ్లకి భక్తి, అతని మెప్పు కోసం తహతహ. భోజనం పూర్తయ్యేసరికి కుటుంబం తయారైంది. నా ఉద్దేశంలో ఈ సినిమాకి కొప్పోలా చేసిన గొప్ప దర్శకత్వం ఆ పూటదే.

బ్రాండోకి అప్పటికి 47 ఏళ్లు. అతను వెయ్యాల్సిన డాన్ వీటో అరవై దాటినవాడు. పారమౌంట్ సంస్థకి బ్రాండో పేరే గిట్టలేదు. కొప్పోలా కెమెరా పట్టుకుని అతని ఇంటికే వెళ్తే, జుట్టుకి బూట్ల పాలిష్ రాసి, బుగ్గల్లో కాగితపు ముక్కలు కుక్కుకుని, కళ్లముందే ముసలివాడైపోయాడు. సినిమాలో ఆ కాగితాల స్థానంలో దంతవైద్యుడు చేసిన పలక వచ్చింది. మన నాట్యశాస్త్రం ప్రకారం ఇది ఆహార్యం. ఇంతవరకూ మేకప్ మనిషి చెయ్యగలడు. అక్కడి నుంచి చేతులు మొదలవుతాయి. మొదటి సన్నివేశంలో అంత్యక్రియల వ్యాపారం చేసే బొనసేరా, కూతురిని పాడు చేయబోయినవాళ్లని చంపమని చెవిలో అడుగుతాడు. డాన్ వింటూ ఒళ్లో పిల్లి గడ్డం కింద గోకుతూ ఉంటాడు. ఆ పిల్లి స్క్రిప్టులో లేదు. స్టూడియోలో తిరుగుతుంటే కొప్పోలా ఎత్తి బ్రాండో చేతుల్లో పెట్టాడు. చావు గురించి మాట్లాడుతున్న మనిషి వేళ్లు అంత మెత్తగా కదలడం చూస్తే, కేకలు వేసే విలన్‌కన్నా ఎక్కువ భయం వేస్తుంది.

బ్రాండో డైలాగులు బట్టీ పట్టేవాడు కాదు. అట్టల మీద రాయించి, ఎదుటి నటుల ఒంటికి తగిలించి చదివేవాడు. డువాల్ ఛాతీ మీద అట్ట పట్టుకుని నిలబడ్డ ఫోటో ప్రసిద్ధం. నిజజీవితంలో మనిషికి తర్వాతి మాట ముందే తెలియదు కదా, వెతుక్కుంటాడు, ఆ వెతుకులాట ముఖంలో కనబడాలి అన్నది అతని వాదన. అందులో సగం బద్ధకానికి వేసిన ముసుగనే అనిపిస్తుంది. మిగతా సగం మాత్రం తెర మీద పనిచేసింది. డాన్ ప్రతి మాటనీ తూకం వేసి ఇస్తున్నట్టే ఉంటాడు.

ఇక డువాల్. అవార్డుల చర్చల్లో ఎవరూ ముందుగా చెప్పని పేరు. సానీ హత్య అయిన రాత్రి టామ్ హేగన్ చీకట్లో ఒంటరిగా తాగుతూ కూర్చుంటాడు. డాన్ మెట్లు దిగి వస్తాడు. పైన భార్య ఏడుస్తోంది, బయట కార్ల చప్పుడు వినబడుతోంది, ఏం జరిగిందో చెప్పమని అడుగుతాడు. చెప్పే మాట డువాల్‌ది, వినాల్సిన మాట బ్రాండోది. డువాల్ గొంతు సర్దుకుని, లాయరు వార్త చెప్పినట్టే చెప్పబోతాడు, మధ్యలో ఒక్కచోట గొంతు పట్టేస్తుంది. మైస్నర్ సాధన ఫలితం కావాలంటే అక్కడ చూడాలి. చెబుతున్నవాడు డువాల్ అయినా, ఎదుటి ముఖంలో కూలుతున్నదాన్ని వింటున్నవాడూ అతనే.

కాన్ సానీకి ఓపిక లేదు, వినడం రాదు. ఎఫ్‌బీఐ ఫోటోగ్రాఫర్ కెమెరా లాక్కుని నేలకేసి కొట్టి, డబ్బు నోట్లు విసిరేయడం కాన్ అక్కడికక్కడ కల్పించిందే. నోట్లు విసరడంలోనే ఆ మనిషి పెంపకం, అహంకారం, మూర్ఖత్వం మూడూ ఉన్నాయి. అతని చావుకి కారణమయ్యేదీ ఆ చేతి దూకుడే.

మైకేల్ అన్న ఫ్రెడో వేసిన జాన్ కజాల్ గురించి ఎంత చెప్పినా తక్కువే. మొత్తం అయిదే సినిమాల్లో నటించి 1978లో క్యాన్సర్‌తో పోయాడు. అయిదూ ఉత్తమ చిత్రం ఆస్కార్ పోటీకి నిలిచాయి. పళ్ల దుకాణం ముందు తండ్రి మీద కాల్పులు జరిగినప్పుడు ఫ్రెడో కారులోంచి దిగి పిస్తోలు తీస్తాడు. అది చేతుల్లో నిలవదు, జారిపోతుంది. పడిపోయిన తండ్రి పక్కన రోడ్డు అంచున కూలబడి చిన్నపిల్లాడిలా ఏడుస్తాడు. మైకేల్ లైటర్ సన్నివేశం పక్కన దీన్ని పెట్టుకుని చూడండి. అన్నదమ్ముల తేడా చెప్పడానికి రచయితకి ఒక్క వాక్యం అవసరం రాలేదు.

బడి ముఖం చూడనివాళ్లూ ఇందులో ఉన్నారు. డాన్ అనుచరుడు లూకా బ్రాసీ వేసిన లెనీ మోంటానా కుస్తీ యోధుడు. బ్రాండో ఎదురుగా నిలబడేసరికి మాట తడబడింది. కొప్పోలా ఆ టేక్ పారెయ్యలేదు. డాన్‌ని కలిసే ముందు లూకా తను చెప్పాల్సినది వల్లె వేసుకుంటున్న షాట్ అదనంగా తీసి కలిపాడు. తడబాటు పాత్రదైపోయింది. స్ట్రాస్‌బర్గ్ ఏళ్ల తరబడి రప్పించాలని చూసే నిజమైన భయం, మోంటానాకి ఉచితంగా వచ్చింది.

పచీనోని తీసేద్దామని స్టూడియో పెద్దలు గట్టిగానే అనుకున్నారు. మొదటి రోజుల్లో తీసినదంతా వాళ్లకి చప్పగా కనిపించింది. హోటల్లో జంట హత్యల సన్నివేశం చూశాక నోళ్లు మూతపడ్డాయి. మరుగుదొడ్డిలోంచి పిస్తోలుతో రాగానే కాల్చెయ్యమని మైకేల్‌కి చెప్పి పంపారు. అతను వచ్చి కూర్చుంటాడు. చంపాల్సిన ఇద్దరిలో ఒకడైన సోలోజో ఇటాలియన్‌లో మాట్లాడుతూనే ఉంటాడు. మనకి అర్థం కాకపోయినా ఫరవాలేదు, మైకేల్ కూడా వినడం లేదు. కళ్లు మాత్రం అటూ ఇటూ కదులుతుంటాయి. బయట రైలు కీచుమంటూ దగ్గరవుతుంది. శబ్దానికి వాల్టర్ మర్చ్ చేసిన ఆ పని, పచీనో లోపలి గొడవని మన చెవిలో పెట్టింది. కాల్చి బయటికి నడిచేటప్పుడు పిస్తోలు పారెయ్యడం దాదాపు మర్చిపోయి, చివర్లో వదిలేస్తాడు.

ఒక్క లోటు చెప్పుకోవాలి. ఆడవాళ్లకి ఈ సినిమా పని తక్కువ ఇచ్చింది. మైకేల్ భార్యగా వేసిన డయాన్ కీటన్ లాంటి నటికి వినడం, నమ్మడం, తలుపు మూసుకుంటుంటే చూడడం తప్ప చేతికి ఏమీ అందలేదు.

మన దాకా ఈ ప్రభావం వచ్చిన దారి కూడా తెలిసిందే. ఇక్కడి నుంచి వెళ్లిన రామ్‌గోపాల్ వర్మ 2005లో హిందీలో ‘సర్కార్’ తీసి, అది ‘గాడ్‌ఫాదర్’కి నివాళి అని బాహాటంగానే చెప్పాడు. అందులో అమితాబ్ సాసర్‌లో టీ పోసుకుని తాగడం ఈ బడి పాఠమే. అధికారం ఉన్నవాడికి తొందర ఉండదు.

మొదటి భాగానికి వచ్చిన ఉత్తమ నటుడి ఆస్కార్‌ని బ్రాండో తిరస్కరించాడు. పచీనో, కాన్, డువాల్ ముగ్గురూ ఒకే సహాయ నటుడి విభాగంలో పోటీపడి, ముగ్గురూ ఓడిపోయారు. 1974లో రెండో భాగం వచ్చింది. పచీనో సూచనతో ముసలి గ్యాంగ్‌స్టర్ హైమన్ రాత్ పాత్రకి సాక్షాత్తూ లీ స్ట్రాస్‌బర్గ్‌నే పిలిచారు. తన స్నేహితుణ్ణి చంపించినదెవరో తెలిసీ అడగలేదని మైకేల్‌తో చెప్పే సన్నివేశంలో ఆయన కోపాన్ని వాక్యాల మధ్య దాచుకుంటాడు. జీవితమంతా చెప్పిన పాఠాన్ని 70 దాటాక తెర మీద చేసి చూపించాడు. సహాయ నటుడి పోటీకి నిలిచాడు. యాక్టర్స్ స్టూడియో మనిషే అయిన మైకేల్ గజ్జో కూడా అదే సినిమాకి అదే పోటీలో ఉన్నాడు. అవార్డు మాత్రం యువ వీటోగా నటించిన రాబర్ట్ డి నీరోకి వెళ్లింది. అతను స్టెల్లా ఆడ్లర్ శిష్యుడు. తర్వాత స్ట్రాస్‌బర్గ్ స్టూడియో గడప కూడా తొక్కాడనుకోండి.