కొట్టుడు గాదు, అడుగుడు

మా వీధి అమ్మాయి ఈ వారం ఇండోర్ నుంచి తిరిగొచ్చింది. తుర్కపల్లి జీనోమ్ వ్యాలీలో పరిశోధన చేస్తుంది. తాను పెంచిన ప్రోటీన్ స్ఫటికాలను ఇండోర్‌లోని రాజా రామన్న పరిశోధన కేంద్రానికి పట్టుకెళ్లింది. అక్కడ 172 మీటర్ల చుట్టుకొలత ఉన్న ఇండస్-2 సింక్రోట్రాన్ వలయంలో ఎలక్ట్రాన్లు కాంతివేగానికి చేరువగా పరుగెడుతూ, వంపు తిరిగినప్పుడల్లా ఎక్స్ కిరణాలు చిమ్ముతాయి. ఆ కిరణాల ధాటికి పాడవకుండా స్ఫటికాలను మైనస్ 173 డిగ్రీల దగ్గర ఉంచుతారట.

నాకు సంబరమేసింది. చూడాలంటే ముట్టుకోవద్దు, కదిలించొద్దు అని శామీర్‌పేట చెరువు కొంగల సాక్షిగా ఎన్నో వారాలు రాశాను. అదే ఆమెతో అన్నాను.

“అది సగమే అంకుల్” అంది. గడ్డకట్టిన ప్రోటీన్ రూపం చెబుతుంది, పని చెప్పదు. 2003లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో మయోగ్లోబిన్ అనే ప్రోటీన్‌ను అంటుకున్న కార్బన్ మోనాక్సైడ్‌ను లేజర్ మెరుపుతో విడగొట్టారు. ఆ వెంటే సింక్రోట్రాన్ ఎక్స్ కిరణాలతో బొమ్మ తీశారు. మళ్లీ కొట్టి, ఇంకాస్త ఆగి మరో బొమ్మ. సెకనును లక్ష కోట్ల ముక్కలు చేస్తే, 150 ముక్కలంత వ్యవధిలో ప్రోటీన్ కదలిక చిక్కింది.

వింటుంటే మా నాయనమ్మ గుర్తొచ్చింది. ఎండాకాలం మేడ్చల్‌లో కుండ కొనాలంటే ఆమెకు పూటంతా పట్టేది. ఒక్కో కుండనూ ఎత్తి, వేలి కణుపుతో తట్టి, చెవి ఒగ్గేది. ఖంగుమంటే సరే. బొంగురుపోతే పక్కకే. కంటికి కనబడని పగులు చెవికి దొరికేది. ఓసారి నేనూ తట్టాను. దెబ్బ గట్టిగా తగిలి అంచు ఊడింది. నాయనమ్మ తిట్టలేదు. పైసలిచ్చి, నా చెయ్యి పట్టుకుని మరో కుండ మీద పెట్టింది. “కొట్టుడు గాదు బిడ్డా, అడుగుడు” అంది.

ఆగిరిపల్లిలో పుట్టి, నిజాం కాలేజీలో చదివి, సి.వి. రామన్ దగ్గర చేరిన భౌతిక శాస్త్రవేత్త సూరి భగవంతం తరం చేసిందీ అదే. పదార్థాన్ని కాంతితో తట్టారు, తిరిగొచ్చిన రంగుల్లో తేడా విన్నారు. ఇప్పుడు తట్టే చెయ్యి లేజర్, చూసే కన్ను సింక్రోట్రాన్.

ముట్టుకోవద్దన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. కదిలించకపోతే కుండ తన పగులు చెప్పదు, అణువు తన పని చెప్పదు. విద్యంతా దెబ్బ కొలతలోనే ఉంది.

వెళ్లబోతున్న అమ్మాయిని అడిగాను, లేజర్‌ను ఎంత గట్టిగా వేయాలో ఎలా తెలుస్తుందని.

“అది తేల్చుకోవడానికే ఎక్కువ రోజులు పడతాయి అంకుల్.”

మా నాయనమ్మ ఉంటే ఆ అమ్మాయిని కుండలు కొనడానికి వెంట తీసుకెళ్లేది.