ఢీకొడితే తెలిసే ఆకారం

యురేనియం కేంద్రకం బంతిలా గుండ్రంగా ఉండదు, కోలగా ఉంటుంది. భౌతికశాస్త్రం చదివినవాళ్లకు ఇది పాత సంగతే. తెలుసుకునే దారే కొత్తది. కేంద్రకానికి కాస్త శక్తినిచ్చి, అది విడిచే గామా కిరణాలను బట్టి రూపం కట్టడం పాత పద్ధతి. కేంద్రకం తిరుగుతూ ఉంటుంది కనుక అందులో చిక్కేది సగటు రూపమే. ఒక్క క్షణంలో ఎలా ఉందో కావాలంటే రెంటిని ఢీకొట్టించాల్సిందే.

న్యూయార్క్ రాష్ట్రంలోని బ్రూక్‌హేవెన్‌లో, కేంద్రకాలను పరుగెత్తించి ఢీకొట్టించే 3.8 కిలోమీటర్ల వలయంలో స్టార్ అనే పరిశోధక బృందం ఆ పని చేసింది. ఫలితం 2024 నవంబరులో ‘నేచర్’లో వచ్చింది. మన తిరుపతిలోని విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ ఐసర్ కూడా ఆ బృందంలో సభ్యసంస్థే.

రెండు కోల కేంద్రకాలు మొనకు మొన తగిలితే పుట్టే నిప్పుముద్ద చిన్నది, గుండ్రనిది. రేణువులు అన్ని వైపులకూ జోరుగా చిమ్ముతాయి. పక్కకు పక్క తగిలితే ముద్ద పెద్దదై కోలగా ఉంటుంది. రేణువులు ఒక దిక్కుకే ఎక్కువగా వస్తాయి, జోరు తగ్గుతుంది. ఏ జంట ఎలా తగలాలో మనం నిర్ణయించలేం. అందుకే పూర్తిగా ఎదురెదురుగా తగిలిన ఘటనలను ఏరి, దిక్కూ జోరూ కలిసి ఎలా మారుతున్నాయో లెక్కగడతారు. దాదాపు గుండ్రంగా ఉండే బంగారం కేంద్రకాల లెక్కతో పోల్చి చూస్తారు. అలా చూస్తే, యురేనియం కోలగా ఉండటమే కాదు, అడ్డంగా కోస్తే ఆ కోత కూడా పూర్తి గుండ్రం కాదని తేలింది.

నాకు నచ్చింది ఆ పోల్చి చూడటమే. గుంటూరు మిర్చి యార్డులో టిక్కీ బస్తాలోంచి తీసిన ఒక్క కాయను విరిచి రకం చెప్పేవాడి నేర్పు ఆ కాయలో లేదు, అంతకుముందు విరిచిన కాయలన్నిటిలో ఉంది.

అణుభౌతికం మన నేలకు కొత్త కాదు. గోదావరి జిల్లాలో పుట్టిన స్వామి జ్ఞానానంద ఐరోపాలో అణుభౌతికం చదివొచ్చి, 1950ల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆ విభాగాన్ని నిలబెట్టారు. ఆనాడు పరిశోధనకు పరికరం మన దగ్గరే ఉండాలి. ఈనాడు వలయం అమెరికాలో ఉన్నా విశ్లేషణ తిరుపతిలో సాగుతుంది. అమరావతి చుట్టూ ఉన్న కాలేజీల్లో కోడింగ్ రాని పిల్లలు అరుదు. దాన్ని ఇలాంటి లెక్కలకు మళ్లించే మాస్టార్లే తక్కువ. ముందు ఆ కొరత తీరాలి.