రంగులరాట్నం వెనుక గోడ – వినోదపు పార్కుల ఆటలపై ఒక పరిశీలన

కంప్యూటరు మీద వినోదపు పార్కు కట్టి నడిపే ఆటల గురించి చాలాకాలంగా ఒక వాదం నడుస్తోంది. ఈ ఆటలకు ప్రాణం నిర్వహణలో ఉందా, నిర్మాణంలో ఉందా అన్నది ఆ వాదం. టికెట్టు ధర, అప్పు, వడ్డీ, జీతాలు, మరమ్మతులు అన్నీ చిక్కుముడిగా ఉండి ఆటగాడి బుద్ధికి పరీక్ష పెట్టాలని ఒక పక్షం అంటుంది. ఆ లెక్కల బెడద లేకుండా కొండలూ కోటలూ మలుపులు తిరిగే పట్టాలూ ఇష్టం వచ్చినట్టు కట్టుకోనిస్తేనే సృజన అని రెండవ పక్షం అంటుంది. సాహిత్యంలో వస్తువు ముఖ్యమా, శిల్పం ముఖ్యమా అని దశాబ్దాల తరబడి వాదించుకున్న మనకు ఈ తగాదా కొత్తది కాదు. కొత్తది కాదు గనుకనే, అసలు ప్రశ్న వేసిన తీరు సరైనదేనా అని చూడవలసి ఉంది.

ఆటలే కదా, వీటికి విమర్శ ఎందుకని కొందరు మిత్రులు అడగవచ్చు. నవల చదివే పాఠకుడు రచయితతో విభేదిస్తూనే చివరిదాకా చదవగలడు. ఆటగాడికి ఆ వెసులుబాటు తక్కువ. ఆట పెట్టిన నియమాన్ని పాటిస్తే తప్ప అడుగు ముందుకు పడదు. కథ ఒప్పిస్తుంది, ఆట చేయించి అలవాటు చేస్తుంది. కనుక ఆ నియమాల్లో ఇమిడివున్న దృక్పథాన్ని విప్పి చూపడం విమర్శకుని బాధ్యతే.

1994లో ఇంగ్లండులోని బుల్‌ఫ్రాగ్ సంస్థ ‘థీమ్ పార్క్’ అనే ఆట విడుదల చేసింది. దాని రూపకర్తల్లో ప్రముఖుడు పీటర్ మోలినూ. బంగాళాదుంప వేపుళ్లలో ఉప్పు పెంచితే జనానికి దాహం వేసి పానీయాలు ఎక్కువ అమ్ముడవుతాయన్నది ఆ ఆట నేర్పిన కిటుకు. లాభం మర్మాన్ని ఇంత సూటిగా చెప్పిన ఆటలు అరుదు. అయితే అందులోనే ఇంకొక విశేషం ఉంది. జీతాల బేరం వచ్చినప్పుడు యజమాని చేయీ పనివారి చేయీ బల్లమీద ఎదురెదురుగా కనబడతాయి. ఒప్పందం కుదరకపోతే పనివారు సమ్మె కడతారు. ఆ బొమ్మ మొరటుదే, నవ్వించడానికి పెట్టిందే. అయినా బల్లకు అవతల ఒక మనిషి ఉన్నాడని ఆ ఆట ఒప్పుకుంది.

1999లో వచ్చిన ‘రోలర్‌కోస్టర్ టైకూన్’ దగ్గరికి వచ్చేసరికి ఆ మనిషి మూగవాడైపోయాడు. క్రిస్ సాయర్ ఈ ఆట ప్రోగ్రామును చాలావరకు ఒక్కడే, అదీ అసెంబ్లీ భాషలో రాశాడు. ఆ పనితనాన్ని మెచ్చుకోక తప్పదు. ప్రతి రైడ్‌కూ ఉత్సాహం, తీవ్రత, వికారం ఎంతో లెక్క కడుతుంది. వాన పడగానే గొడుగుల ధర పెంచి అమ్ముకోవచ్చు. పార్కుకు వచ్చిన ప్రతి సందర్శకుడి మనసులో మాటా చదవవచ్చు. నిర్వహణ పక్షం వారికి ఇది ప్రమాణగ్రంథం. కాని ఊడ్చే మనిషిని చూడండి. అతనికి నెలకు 50, మెకానిక్కుకు 80. ఏళ్లు గడిచినా ఆ అంకెలు మారవు. అతడు అలసిపోడు, సెలవడగడు, పని మానేయడు. అతని మనసులో మాట చదవడానికి ఆటలో చోటే లేదు. నిర్వహణ లోతు పెరిగిందన్నది నిజమే. అది కొనేవాడి జేబు వైపు పెరిగింది, శ్రమ వైపు పూడిపోయింది.

ఇక రెండవ పక్షం సంగతి. 2016లో కేంబ్రిడ్జిలోని ఫ్రాంటియర్ సంస్థ తెచ్చిన ‘ప్లానెట్ కోస్టర్’ నిర్మాణ పక్షానికి పెద్ద గెలుపు. గోడా స్తంభమూ కిటికీ విడివిడిగా పేర్చి ఏ భవనమైనా కట్టవచ్చు, కట్టినదాన్ని లోకంతో పంచుకోవచ్చు. నిర్వహణ మరీ తేలికైపోయిందని అప్పుడే విమర్శ వచ్చింది. అలాగని ఈ కట్టే సరదాను ఈసడించడం తగదు. అద్దె గదిలో పెరిగిన కుర్రవాడు తెరమీద కోట కట్టి పదిమందికి చూపుకుంటే, అందులో ఆకలిగొన్న సృజన ఉంది. మన ఆక్షేపణ వేరు. ఇన్ని గోడలున్న ఆటలో గోడ కట్టే మనిషి ఎక్కడ? మౌస్ నొక్కితే గోడ లేస్తుంది. మేస్త్రీ లేడు, తట్ట మోసే ఆమె లేదు, సారువ మీదినుంచి జారిపడేవాడూ లేడు. నిర్మాణమే సర్వస్వమన్న ఆటలో నిర్మాణ కార్మికుడే లేడు!

భూమి సంగతీ ఇంతే. ‘రోలర్‌కోస్టర్ టైకూన్’లో అమ్మకానికున్న జాగాలో బోర్డు ఉంటుంది, అమ్మేవాడు ఉండడు. జల్‌పల్లి చుట్టుపక్కల ఉన్నవారికి ఈ ఖాళీ నేల వింతగా తోస్తుంది. శంషాబాదు విమానాశ్రయం 2008లో మొదలైంది. ‘ప్లానెట్ కోస్టర్’ వచ్చిన 2016లోనే, జల్‌పల్లికి దగ్గరలోని రావిర్యాలలో, ఔటర్ రింగు రోడ్డు పక్కన వండర్‌లా పార్కు తెరిచారు. ఈ ప్రాంతంలో ఖాళీ నేల అంటూ ఏదీ లేదు. ఒకటి పట్టా, ఒకటి కౌలు, ఒకటి చెరువు శిఖం. ప్రతి గుంట వెనుకా ఒక కుటుంబం కథ ఉంది. 2024లో వచ్చిన ‘ప్లానెట్ కోస్టర్ 2’లో ఈత కొలనులు కట్టవచ్చు, నీటిని శుద్ధిచేసే యంత్రాలు పెట్టవచ్చు, వాటికి కరెంటు అందించాలి. కాని ఆ నీరు ఏ ఊరి చెరువుదో, ఎవరి బోరుదో అన్న ప్రశ్న ఆటలో లేదు. జల్‌పల్లి చెరువు గట్టుమీద నిలబడినవాడు మొదట అడిగేది ఆ ప్రశ్నే.

ఈ రెండు పక్షాల తగాదాకు అనుకోకుండా అసలు చోటు చూపిన ఆట 2018లో ఒక చిన్న బృందం పూర్తిచేసిన ‘పార్కిటెక్ట్’. ఇందులో పనివారు అలసిపోతారు. వారికి విశ్రాంతి గది కట్టాలి. దుకాణాలకు సరుకు పెట్టెలను మనుషులు మోసుకెళ్లాలి. ఆ మోసేవారు సందర్శకుల కంటబడితే వారి మురిపెం చెడుతుంది. అందుకని ఆటగాడు పనివారికి వేరే దారులు వేస్తాడు, గోడలు కట్టి పూలతీగలతో కప్పుతాడు. ఆ గోడ అందానికి అందం, నిర్వహణకు నిర్వహణ. పెద్ద హోటలు వెనుక తలుపులో నుంచి పనికి వెళ్లే ప్రతివారికీ ఈ గోడ తెలుసు. శ్రమను దాచితేనే వినోదం నిండుతుందన్న చేదు నిజాన్ని ఈ ఆట పట్టుకుంది. కాని దాన్ని ప్రశ్నగా నిలపలేదు, నేర్చుకోవలసిన నేర్పుగా అప్పగించి ఊరుకుంది.

కాబట్టి నిర్వహణా, నిర్మాణమా అన్నది ఒకే కుర్చీలో కూర్చున్న ఇద్దరి తగాదా. ఒకడు ఆ కుర్చీలో లెక్కలు రాస్తాడు, ఇంకొకడు బొమ్మలు గీస్తాడు. కుర్చీ మాత్రం యజమానిదే. ఆట లోతును కొలవడానికి వేరే కొలత కావాలి. ఆటగాని నిర్ణయం ఎవరి మీద పడుతుందో ఆ మనిషికి ఎదురుమాట ఆడే హక్కు ఆటలో ఉందా? ఈ కొలతతో చూస్తే 1994 నాటి మొరటు ఆటలోని ఆ బల్ల ఇప్పటికీ విలువైనదే.

వేరే రూపం కోసం ఎక్కడికో పోనక్కరలేదు. మన జాతరలున్నాయి, నాంపల్లిలో 1938 నుంచి జరుగుతున్న నుమాయిష్ ఉంది. జాతరలో రంగులరాట్నం లారీ మీద వస్తుంది. దించినవారే బోల్టులు బిగిస్తారు, వారే తిప్పుతారు, వారే డబ్బు లెక్కిస్తారు, రాత్రి దాని కిందే పడుకుంటారు. వాన వస్తే ఆ రోజు కూలి పోతుంది. అక్కడ కట్టడమూ నడపడమూ ఒకే చేతుల పని, దాచడానికి గోడ లేదు. హైదరాబాదులో ఇవాళ ఆటల, యానిమేషన్ కంపెనీల్లో ఎందరో తెలుగు యువకులు పరాయి దేశాల పార్కులకు రంగులు వేస్తున్నారు. పనితనం వారికి ఉంది. ఆ పనితనంతో రాట్నం తిప్పేవాడి వైపు నుంచి ఒక ఆట తయారుచేయాలి. అప్పుడు లెక్కకూ లోతు వస్తుంది, కట్టడానికీ అర్థం వస్తుంది.